పొయ్యి పొగ తప్ప వేరే పొగ ఎరగని అమ్మకి లంగ్ క్యాన్సర్ అంట, మ్యుటేషన్ రిపోర్టు వచ్చేదాకా ఆగాలా లేక కీమో మొదలెట్టాలా?

ఖమ్మం_మిర్చి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే తప్ప ఏమీ రాయలేదు, ఇలాంటిది రాయాల్సి వస్తుందని అనుకోలేదు కూడా. మా అమ్మకి 56. మాది ఖమ్మం పక్కన పల్లె, నేను హైదరాబాద్‌లో జాబ్. సంక్రాంతికి ఇంటికి పోతే దగ్గుతోంది, మిర్చి ఏరే టైం కదా ఆ ఘాటుకే అనుకున్నాం. ఏప్రిల్ దాకా తగ్గకపోతే టౌన్‌లో చూపించాం, ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ ఉంది టీబీ అన్నారు. గళ్ల పరీక్షలో ఏం రాలేదు, అయినా ఎక్స్‌రే చూసి టీబీయే అని మందులు మొదలెట్టారు. మేమూ మారు మాట్లాడలేదు, మాకేం తెలుసు. ఐదు నెలలు ఒక్క రోజు మానకుండా మింగింది. బరువు 9 కిలోలు తగ్గింది, అడిగితే మందుల వేడి అన్నారు. సెప్టెంబర్‌లో మెట్లు ఎక్కలేనంత ఆయాసం వచ్చింది, నిమ్ము చేసింది అని ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు లీటరున్నర తీశారు, ఎర్రగా వచ్చాయి. అవి పరీక్షకి పంపితే అడినోకార్సినోమా అని వచ్చింది, లంగ్ క్యాన్సర్‌లో ఒక రకం అంట. పెట్ స్కాన్‌లో వెన్నుపూసలో కూడా ఒకచోట వెలుగుతోంది, స్టేజ్ 4 అన్నారు.

ఇప్పుడు గొడవేంటంటే ఒక డాక్టర్ వచ్చే సోమవారమే కీమో ప్లస్ ఇమ్యునోథెరపీ (ఒంట్లో రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి లేపే మందు) మొదలెడదాం, ఆలస్యం వద్దు అంటున్నారు, ఇమ్యునో డోసుకి లక్షల్లో చెప్తున్నారు. సెకండ్ ఒపీనియన్‌కి పోతే ఆయన ముందు ఎన్‌జీఎస్ అని క్యాన్సర్ జీన్లలో మార్పులు (మ్యుటేషన్లు) చూసే టెస్టు, 3 వారాలు పడుతుంది, అది వచ్చాకే మందు అంటున్నారు. మూడు వారాలు ఊరికే కూర్చోబెట్టడం ఎలా? ఏదో టాబ్లెట్ ఉందంట కదా ఆడవాళ్లకి, సిగరెట్ తాగనోళ్లకి బాగా పని చేస్తుందని, టెస్టు లేకుండానే అది మొదలెట్టేయొచ్చా? నేను, చెల్లి కూడా స్కాన్ చేయించుకోవాలా? ఇంకోటి, అమ్మకి ఇంకా నిమ్ము అనే చెప్పాం. నాన్న అసలు చెప్పొద్దు అంటున్నాడు.

పల్మో_పీజీ:
బ్రదర్, నేను చెస్ట్ మెడిసిన్ పీజీ, మీ అమ్మగారి ఫైల్ చూడలేదు కాబట్టి ఇది మీ డాక్టర్‌ని ఏం అడగాలో చెప్పడానికే అనుకోండి. అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతా, టీబీ మందులు ఇంకా నడుస్తున్నాయా? అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, అది లివర్‌ని ఎంత చురుగ్గా చేస్తుందంటే ఈ క్యాన్సర్ టాబ్లెట్లని వచ్చినవి వచ్చినట్టే కరిగించేస్తుంది, రక్తంలో మందు నాలుగో వంతు కూడా మిగలదు. రెండూ కలిపి వేసుకుని టాబ్లెట్ పనిచేయలేదు అనుకునే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు ఆపొద్దు, టీబీ నిజంగా ఉందా లేదా చూసి డాక్టరే ఆపాలి, కానీ ఆంకాలజిస్ట్‌కి ఆ విషయం తెలిసేలా చూడండి.

ఇక టెస్టు లేకుండా టాబ్లెట్, ఆ పని మాత్రం చేయకండి. దీని మీద 2009లోనే ఐపాస్ అని పెద్ద ట్రయల్ వచ్చింది, తూర్పు ఆసియా దేశాల్లో, ఎక్కువగా సిగరెట్ అలవాటు లేని అడినో పేషెంట్లలోనే చేశారు, అంటే అచ్చం మీ అమ్మగారి లాంటి వాళ్లు. క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌కి మ్యుటేషన్ ఉన్నవాళ్లలో జెఫిటినిబ్ టాబ్లెట్ కీమోని ఓడించింది, లేనివాళ్లలో అదే టాబ్లెట్ వేసుకున్నవాళ్లకి జబ్బు చాలా తొందరగా ముదిరింది. మనిషిని చూసి మ్యుటేషన్ చెప్పలేం, గడ్డ ముక్క చూసే చెప్పాలి. మన దేశంలో అడినో కేసుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ మ్యుటేషన్ ఉంటుంది, పొగ అలవాటు లేని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. అంటే మీకు ఛాన్స్ బాగానే ఉంది, గ్యారంటీ లేదు.

అలాగని 3 వారాలు చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఎన్‌జీఎస్ అన్ని జీన్లూ కలిపి చూసేది, దానికి టైం పడుతుంది. ఒక్క ఈజీఎఫ్ఆర్‌కి పీసీఆర్ టెస్టు అయితే కొన్ని రోజుల్లో వస్తుంది, ఎక్సాన్ 19 డిలీషన్, ఎల్858ఆర్ ఈ రెండే మొత్తం ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్లలో 85 శాతం పైన ఉంటాయి. ఏఎల్‌కే అనే ఇంకో జీన్ సంగతి కూడా స్లైడ్ మీద రంగు వేసి తొందరగానే చెప్తారు. తీసిన నీళ్ల నుంచి సెల్ బ్లాక్ (నీళ్లలోని కణాలని ముద్దగా చేసి దాచేది) చేశారా అని ల్యాబ్‌లో అడగండి, చేసి ఉంటే మళ్లీ సూది గుచ్చే పని ఉండకపోవచ్చు. మెటీరియల్ చాలకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది, అందులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే మాత్రం లేదని కాదు, గడ్డ నుంచి రక్తంలోకి డీఎన్‌ఏ సరిపడా రాలలేదేమో.

ఇమ్యునో విషయంలో నేను సెకండ్ ఒపీనియన్ డాక్టర్ వైపే. ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లలో ఇమ్యునో పెద్దగా పనిచేయదు, అది చాలదన్నట్టు ముందు ఇమ్యునో ఎక్కించి వెంటనే ఒసిమెర్టినిబ్ (ఈజీఎఫ్ఆర్‌కి ఇచ్చే కొత్త టాబ్లెట్) మొదలెడితే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి ప్రాణం మీదకొచ్చిన కేసులు ఉన్నాయి. ఒంట్లోకి ఎక్కించిన ఇమ్యునోని వెనక్కి తీయలేం కదా. ఆయాసం మళ్లీ పెరిగి అసలు ఆగలేని పరిస్థితి అయితే ఇమ్యునో లేకుండా ఉత్త కీమో ఒక సైకిల్ ఇచ్చి, రిపోర్టు వచ్చాక మార్చుకుంటారు. బ్రెయిన్ ఎంఆర్ఐ చేయకపోతే అది కూడా అడగండి, పెట్‌లో మెదడు సరిగా కనపడదు.

తెనాలి_అక్క:
తమ్ముడూ, మీ పోస్ట్ చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు, ఆయనకీ ముందు టీబీ అనే అన్నారు. 2021లో ఎక్సాన్ 19 అని తేలింది. అప్పట్లో ఒసిమెర్టినిబ్ రేటు వింటేనే గుండె ఆగేది, మాకు జెఫిటినిబ్ ప్లస్ కీమో ఇచ్చారు. అది పాత మందని తీసిపారేయకండి, ముంబై టాటా మెమోరియల్ వాళ్లు మన పేషెంట్లు 350 మందిలో చేసి 2019లో ప్రింట్ చేశారు, టాబ్లెట్ ఒక్కటే అయితే జబ్బు 8 నెలలు అదుపులో ఉంటే కీమో కలిపితే 16 నెలలు. కాకపోతే కీమో కష్టాలు కూడా రెట్టింపు, అది దాచకూడదు. జెఫిటినిబ్‌లో మన కంపెనీల జెనరిక్స్ ఉన్నాయి కాబట్టి మధ్యతరగతి వాళ్లకి అందుతుంది.

మా నాన్నకి ముఖం నిండా కుర్రాళ్లకి వచ్చినట్టు మొటిమలు, కాళ్లకి గోరుచుట్లు, విరేచనాలు. డాక్టర్ లోషన్, యాంటీబయాటిక్ ఇస్తే తగ్గాయి, మొటిమలు వస్తే మందు పట్టినట్టే అని ఆయన్ని నవ్వించేవాళ్లు. ఇంకో సంగతి, మా నాన్నకి పొద్దున్నే ప్యాన్ 40 వేసుకోకపోతే రోజు మొదలవదు, మనిళ్లల్లో అందరికీ ఉన్న జబ్బే కదా అది. జెఫిటినిబ్‌కి కడుపులో ఆమ్లం ఉండాలంట కరగడానికి, గ్యాస్ టాబ్లెట్ వేస్తే మందు సరిగా ఎక్కదంట. రెండు నెలల తర్వాత ఫార్మసిస్ట్ చెప్తేగానీ మాకు తెలియలేదు. ఒసిమెర్టినిబ్‌కి ఆ గొడవ లేదు.

14 నెలలకి మళ్లీ పెరిగింది, రక్తంలో టీ790ఎం అని, పాత టాబ్లెట్‌కి లొంగని కొత్త మ్యుటేషన్ వచ్చింది, అప్పుడు ఒసిమెర్టినిబ్‌కి మార్చారు. చెప్పాలా వద్దా అంటారా, మేమూ చెప్పలేదు. ఆయన మందు పెట్టె మీద పేరు మనవడికిచ్చి ఫోన్‌లో చూడరా అన్నారు. వాడు పదకొండేళ్లవాడు, గట్టిగా చదివేశాడు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా కళ్లల్లో ఉంది. జబ్బు గురించి కాదు, మేమంతా కలిసి దాచామని.

ఎడిసన్_బావ:
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ మా కొలీగ్‌కి ఒసిమెర్టినిబ్ ప్లస్ కీమోనే ఇస్తున్నారు, పాత టాబ్లెట్ మాటే ఎత్తరు. దీని మీదే చేసిన ఫ్లారా2 ట్రయల్ ఫైనల్ రిజల్ట్స్ 2025లో వచ్చాయి చూడండి, కలిపి ఇస్తే సగం మంది 47.5 నెలలు దాటి బతికారు, టాబ్లెట్ ఒక్కటే అయితే 37.6. దాదాపు పది నెలల తేడా, అమ్మ విషయంలో డబ్బులు చూసుకుంటామా. ఇండియాలో కూడా 2024 బడ్జెట్‌లో ఆ మందు మీద కస్టమ్స్ డ్యూటీ తీసేశారు, అదే ఏడాది జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గించారు. అలాగే మీరిద్దరూ వెంటనే లో డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే ఛాతీ స్కాన్) చేయించుకోండి, మా నాన్నకి ఇండియా వచ్చినప్పుడు నేనే చేయించా, పీస్ ఆఫ్ మైండ్.

తెనాలి_అక్క:
డబ్బులు చూసుకుంటామా అని డాలర్లు సంపాదించేవాళ్లు తేలిగ్గా అంటారు బావగారూ 🙂 సుంకం తీసేశాక కూడా నెలనెలా కొనాల్సింది మామూలు జీతగాడే. మూడేళ్లు కొనగలమా అని ముందే లెక్క వేసుకోవాలి, మధ్యలో ఆపేస్తే ఏం లాభం. తమ్ముడూ, కంపెనీ పేషెంట్ ప్రోగ్రాం ఉందేమో ఆసుపత్రిలో అడుగు, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కో.

పల్మో_పీజీ:
ఫ్లారా2 నిజమే, కానీ కలిపి ఇచ్చిన వాళ్లలో తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు 70 శాతం, టాబ్లెట్ ఒక్కటే ఉన్నవాళ్లలో 34. 9 కిలోలు తగ్గిన మనిషికి ఆ లెక్క కూడా చూడాలి. అందరికీ కలిపే ఇవ్వాలా, జబ్బు ఎక్కువ పాకినవాళ్లకే ఇవ్వాలా అన్నది మా దగ్గర కూడా రోజూ నడిచే వాదనే.

సీటీ_స్లైస్:
నేను రేడియాలజీ, స్కాన్ విషయానికి నేను ఒప్పుకోను. లో డోస్ సీటీ వల్ల లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయని 2011లో చెప్పిన అమెరికా ట్రయల్‌లో అందరూ 55 దాటిన, ఏళ్ల తరబడి సిగరెట్లు ఊదేసినవాళ్లు. 53 వేల మందిలో చేశారు. అందులో కూడా సీటీలో ఏదో ఉందని చెప్పిన వాటిల్లో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదు. అది అమెరికాలో. మన దగ్గర ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ మచ్చలు చాలామంది ఛాతీల్లో ఉంటాయి, ప్రతి మచ్చకీ సూది గుచ్చుకుంటూ పోతే ఊపిరితిత్తి గాలి పోయి ఆసుపత్రి పాలయ్యేది ఆరోగ్యంగా ఉన్నవాడే. తైవాన్‌లో 2022 నుంచి ఇంట్లో ఎవరికైనా ఉంటే సిగరెట్ తాగకపోయినా సర్కారే స్కాన్ చేయిస్తోంది, నిజమే. కానీ ఈ ప్రోగ్రాంకి ముందే అక్కడ సీటీలు విపరీతంగా పెరిగిన ఏళ్లలో ఆడవాళ్లలో మొదటి స్టేజ్ కేసులు బోలెడు పెరిగాయి, ముదిరిన కేసులు మాత్రం తగ్గలేదు. అంటే జీవితాంతం ఏమీ చేయని చిన్న చిన్న గడ్డలు కూడా కోసేస్తున్నామేమో అని అక్కడే గొడవ పడుతున్నారు. మీరిద్దరూ ముప్పై ఏళ్లకి అటూఇటూ ఉంటారనుకుంటా, ఇప్పుడు స్కాన్‌కి పరిగెత్తక్కర్లేదు. మూడు వారాలు దాటిన దగ్గు వస్తే మాత్రం నిర్లక్ష్యం వద్దు, గళ్ల పరీక్షలో ఏం రాక మందులకి తగ్గకపోతే సీటీ ఎందుకు చేయరు అని మీరే అడగండి. అసలు స్కాన్ దొరకాల్సింది అక్కడ, కార్పొరేట్ ప్యాకేజీల్లో కాదు.

ప్రకృతి_పుత్రుడు:
బొప్పాయి ఆకు రసం, అశ్వగంధ 48 రోజులు వాడండి. కీమో విషం.

పల్మో_పీజీ:
అన్నా దయచేసి. ఈ టాబ్లెట్లన్నీ లివర్ మీదుగానే పోతాయి, మధ్యలో ఆకు రసాలు పోస్తే ఎంజైములు పెరిగినప్పుడు ఏ మందు వల్ల పెరిగాయో తెలియక అసలు మందు ఆపేయాల్సి వస్తుంది.

వైజాగ్_సిస్టర్:
నేను నర్సుని, పాలియేటివ్ వార్డులో, అంటే నొప్పి, బాధ తగ్గించే వార్డులో పనిచేశాను. పాలియేటివ్ అనగానే ఆఖరి రోజులు అని హడలిపోతారు, 2010లో అమెరికాలో ఇదే జబ్బు స్టేజ్ 4 వాళ్లలో చేసిన స్టడీలో మొదటి నుంచే పాలియేటివ్ టీమ్ చూసినవాళ్లు 11.6 నెలలు ఉంటే మిగతావాళ్లు 8.9, పైగా ఆఖర్లో కీమోలు తక్కువ తీసుకుని. అప్పటికి ఇప్పుడున్నన్ని మందులు లేవు, నెలల లెక్క పట్టుకుని భయపడకండి. నొప్పికి, ఆయాసానికి, నిద్రకి మొదటి రోజు నుంచే మందు ఉంటుంది అని చెప్పడానికి రాశా. వెన్నుపూసలో ఉందన్నారు కాబట్టి నడుం నొప్పి పెరిగినా, కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా మర్నాటి ఓపీ దాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది.

చెప్పడం గురించి. మా శ్రీకాకుళం వైపు ముసలమ్మలు అడ్డచుట్ట తాగేవాళ్లు, నిప్పు నోట్లోకి పెట్టుకుని. అంగిట్లో క్యాన్సర్ వస్తే ఇంట్లోవాళ్లు పుండు అని చెప్పేవాళ్లు. అలాంటి ఒకావిడేమో నా చెయ్యి పట్టుకుని, సిస్టరమ్మా ఆ పుండు పేరు నాకు తెలుసు, పిల్లలకి చెప్పకు బెంగపడతారు అనేది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచడమే. అమ్మగారికి ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆవిడనే అడగండి, అడిగినదానికి అబద్ధం చెప్పకండి, అడగనిది గుమ్మరించకండి.

ఖమ్మం_మిర్చి:
12 రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ రిప్లై ఇవ్వలేకపోయా, సారీ. సెల్ బ్లాక్ ఉందంట, ఐదు రోజుల్లో ఈజీఎఫ్ఆర్ వచ్చింది, ఎక్సాన్ 19. ఆ రిపోర్టు చూశాక మొదటి డాక్టరే ఇమ్యునో వద్దన్నారు. రిఫాంపిసిన్ మాట ఎత్తగానే ఆంకాలజీ డాక్టర్ ఫైల్ పక్కన పెట్టి నా వైపు చూశారు, చెస్ట్ డాక్టర్‌తో మాట్లాడి టీబీ మందులు ఆపించారు, కొన్ని రోజులు గ్యాప్ ఇచ్చి మొదలెడదాం అన్నారు. పల్మో బ్రదర్, రుణపడిపోయా. ఎంఆర్ఐలో మెదడులో రెండు చిన్న చుక్కలున్నాయి, అందుకని ఒసిమెర్టినిబ్ అయితే మెదడులోకి బాగా పోతుంది, దాంతోనే చూద్దాం, రెండు నెలలకి మళ్లీ ఎంఆర్ఐ తీద్దాం అన్నారు. కీమో కలపడం ఇప్పుడే వద్దు, కాస్త తిండి పట్టాక ఆలోచిద్దాం అన్నారు. ఈసీజీ, ఎకో తీశారు. డబ్బుకి నాన్న రోడ్డు పక్క అరెకరం బేరం పెట్టాడు, నేను వద్దంటున్నా, ఇంకా తెగలేదు.

అమ్మకి నేనే చెప్పా, చెల్లి పక్కన కూర్చుంది. నిమ్ము కాదమ్మా అన్నాను. కాసేపు ఏం అనలేదు. తర్వాత, అయితే ఆ ఎర్ర గోలీలు ఐదు నెలలు మింగి ఉచ్చ కూడా ఎర్రగా పోసింది ఊరికేనారా అంది. ఆ మాటకి చెల్లి ఏడుస్తూనే నవ్వింది.

రేపటి నుంచి టాబ్లెట్. పొద్దున్న వేయాలా రాత్రి వేయాలా, తిన్నాకా తినకముందా, చీటీ మీద రాయలేదు.

పల్మో_పీజీ:
తిన్నా తినకపోయినా పర్లేదు, రోజూ ఒకే టైం అయితే చాలు. అమ్మగారు టీవీలో ఏ సీరియల్ మిస్ అవ్వరో ఆ టైంకి పెట్టుకోండి, మర్చిపోరు. దగ్గు, ఆయాసం కొత్తగా పెరిగితే మాత్రం టాబ్లెట్ ఆపి వెంటనే ఫోన్ చేయాలి, ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.