అప్‌డేట్: నాన్నగారికి 50 వాట్ల అబ్లేషన్ పూర్తయింది

నాన్నగారి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) హై పవర్ అబ్లేషన్ (గుండెలోకి సన్నని గొట్టం పంపి, లయ చెడగొట్టే చోట్లను ఎక్కువ వాట్లతో కాల్చడం) చేస్తామన్నారు, అన్నవాహిక కాలిపోదు కదా అని ఇక్కడ అడిగాను. ధైర్యం చెప్పినవారందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు క్షేమం.

"వాట్లు సరే, ఎన్ని సెకన్లో అడగండి" అన్న సలహాయే పనికొచ్చింది. పాత పద్ధతిలో 25–35 వాట్లతో ఒక్కో చోట అర నిమిషం, అంతకు మించి కూడా కాలుస్తారట. నాన్నగారికి 50 వాట్లే అయినా కొద్ది సెకన్లే. అందుకే కాలిన మచ్చ వెడల్పుగా పడుతుంది, వేడి మరీ లోతుకు పాకదు అని డాక్టరుగారు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించారు. గుండె ఎడమ కర్ణిక (ఎడమ పై గది) వెనుక గోడకు దగ్గరగానే అన్నవాహిక ఉంటుంది కనుక, అందులో ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగ ఉంచారు. ప్రమాదం అరుదే కానీ సున్నా కాదు: తర్వాతి వారాల్లో జ్వరం, మింగితే నొప్పి వస్తే వెంటనే రమ్మన్నారు. అవేవీ రాలేదు.



ఇంటికొచ్చాక మళ్లీ దడ వచ్చి హడలిపోయాం. మొదటి రెండు మూడు నెలల్లో అది రావచ్చు, అంతమాత్రాన విఫలమైనట్టు కాదన్నారు. ఇప్పుడు ఈసీజీలో లయ సరిగా ఉంది. అయినా బీపీ, షుగరు ఉన్నందున పక్షవాతం ముప్పు దృష్ట్యా రక్తం పలచబరిచే మాత్రలు కొనసాగుతున్నాయి. దడ తగ్గింది కదా అని దయచేసి ఎవరూ సొంతంగా ఆపకండి.