రెయిడ్‌లో రెండు డిస్కులూ బాగున్నాయంటోంది, ఫొటో మాత్రం పాడైంది. ఏం చెయ్యాలి?

శ్రీకాకుళం నుంచి ప్రశ్న:
అన్నా, ఏడు రోడ్ల కూడలి దగ్గర మాది ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలన్నీ లైనక్స్ సర్వర్‌లో, రెండు డిస్కుల రెయిడ్-1 (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ రాసే పద్ధతి) మీద ఉంటాయి. నిన్న ఒక పాత ఫొటో తెరిస్తే పెళ్లికూతురి బాసికం వరకు బాగుంది, కిందంతా బూడిదరంగు చారలు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే అదే ఫొటో శుభ్రంగా వచ్చింది. ఇంకోసారి చేస్తే మళ్లీ చారలు! డిస్కులు తమ ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ఏ తప్పూ లేదు. లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం టూల్‌తో రిపేర్ నడిపేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

విజయనగరం నుంచి జవాబు:
వద్దు తమ్ముడూ, రిపేర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ఒకసారి బాగా, ఒకసారి చెడ్డగా వస్తోందంటే ఒక డిస్కులో మంచి కాపీ ఇంకా ఉన్నట్టే. రెయిడ్-1 చదివేటప్పుడు ఏదో ఒక డిస్కు నుంచే తీసుకుంటుంది, రెండింటినీ పోల్చి చూడదు. డిస్కు 'చదవలేకపోయాను' అంటే రెండోదాన్ని అడుగుతుంది. తప్పు డేటాని సరైనదన్నట్టు ఇస్తే నమ్మేస్తుంది. రిపేర్‌కి కూడా ఏది మంచిదో తెలియదు. ఒక కాపీని తీసుకుని రెండోదాని మీద రాసేస్తుంది. అది చారల కాపీ అయితే ఫొటో పోయినట్టే.

ముందు కొత్త ఫొటోలు ఎక్కించడం ఆపు. రెయిడ్‌ని ఆపి, ఒక్కో డిస్కునీ విడిగా రీడ్-ఓన్లీగా తెరిచి, మూడో డిస్కు మీద రెండు వేర్వేరు ఫోల్డర్లలోకి కాపీ చెయ్యి. తర్వాత రెండు వైపులా షా-256 చెక్‌సమ్‌లు (ఫైల్ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్యలు) తీసి పోల్చు. తేడా వచ్చిన ఫైళ్లని మాత్రం కంటితో చూసి మంచివి ఏరుకో. ర్యామ్‌ని మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా పరీక్షించు. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

శ్రీకాకుళం:
రెయిడ్-5కి మారితే పోతుందా అన్నా?

విజయనగరం:
పోదు. రెయిడ్-5లో పారిటీ (ఒక డిస్కు పోతే దాని డేటాని తిరిగి లెక్కకట్టే అదనపు సమాచారం) ఉన్నా, మామూలుగా చదివేటప్పుడు దాన్ని సరిచూడదు. చెక్ నడిపితే తేడా ఉందని తెలుస్తుంది, ఏ డిస్కు తప్పో తెలియదు. నీకు కావలసింది ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్. అలా చెక్‌సమ్‌లు దాచే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్, దాని మిర్రర్ (రెండు డిస్కుల్లోనూ అదే డేటా) పెట్టుకో. చదివినప్పుడు చెక్‌సమ్ కలవకపోతే రెండో డిస్కు నుంచి మంచిది తెచ్చి, పాడైనదాన్ని తనే దిద్దుతుంది. ఎవరూ తెరవని పాత ఆల్బమ్‌ల కోసం నెలకోసారి స్క్రబ్ (అన్ని ఫైళ్లనీ చదివి చెక్‌సమ్‌లు సరిచూడటం) నడపాలి. ఇప్పుడున్న ఎండీ రెయిడే ఉంచుకోవాలంటే ఒక్కో డిస్కు మీద డీఎం-ఇంటెగ్రిటీ (బ్లాకులకి చెక్‌సమ్ చేర్చే లైనక్స్ పొర) వేసి, దాని మీద రెయిడ్ కట్టాలి. పనిచేస్తుంది కానీ రాత వేగం బాగా తగ్గుతుంది. మీ పనికి నేను జెడ్‌ఎఫ్‌ఎస్సే చెబుతాను. వీలైతే చిన్న తప్పుల్ని తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ కూడా. చెక్‌సమ్ వెయ్యకముందే ర్యామ్‌లో చెడితే జెడ్‌ఎఫ్‌ఎస్‌కీ తెలియదు.

శ్రీకాకుళం:
మరి బ్యాకప్ అవసరం ఉంటుందా?

విజయనగరం:
తప్పకుండా. 2018లో తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. ఒకే గదిలో రెండు డిస్కులు ఉంటే వరద నీళ్లు రెండింటినీ ముంచుతాయి. ఒక కాపీ వేరే ఊళ్లో చుట్టాలింట్లో పెట్టు, ఆ డిస్కుని కూడా అప్పుడప్పుడూ తెచ్చి స్క్రబ్ చెయ్యి. ముందు ఆ రెండు ఫోల్డర్ల పని చూడు, తేడాలు ఎన్ని వచ్చాయో ఇక్కడే రాయి.