లైప్‌జిగ్‌లో రెండు రోజులు: బాఖ్ సమాధి సరే, ఇంకేం చూడాలి?

రాత్రిబండి:
అక్టోబర్‌లో ఆఫీసు పని మీద బెర్లిన్ వెళ్తున్నా, శని ఆదివారాలు ఖాళీ. లైప్‌జిగ్ అంటే పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ ఊరని తప్ప నాకేం తెలీదు, ఆ సంగీతం కూడా అంతంతమాత్రమే. వెళ్లొచ్చా, డ్రెస్డెన్ బెటరా?

సాక్సనీలో_ఆవకాయ:
ఇక్కడే చదువుతున్నా కాబట్టి నా ఓటు లైప్‌జిగ్‌కే. డ్రెస్డెన్ ఫొటోలకి బాగుంటుంది, కథలు ఇక్కడెక్కువ. సంగీతం రాకపోయినా శనివారం మధ్యాహ్నం 3 గంటలకి థామస్ చర్చికి వెళ్లండి (బాఖ్ సమాధి అక్కడే), టికెట్ చవక. 1212లో మొదలైన పిల్లల బృందం పాడుతుంది, 1723 నుంచి 1750లో పోయేదాకా బాఖే వాళ్లకి మేష్టారు. పాడేవాళ్లు వెనకాల మేడ మీద ఉంటారు, మనం వాళ్లకి వీపు పెట్టి కూర్చుంటాం. కాసేపు మెడ తిప్పి తిప్పి చూస్తాం, తర్వాత మానేసి వింటాం. బడి సెలవుల్లో మాత్రం వేరే బృందాలు వస్తాయి, చూసుకుని వెళ్లండి.

పాతబస్తీ_పరదేశి:
బాఖ్‌ని పక్కన పెట్టు బ్రో, ముందు నికొలాయ్ చర్చి చూడు. తూర్పు జర్మనీలో నలుగురు చేరి నోరు విప్పాలంటే చర్చి తప్ప చోటు లేని రోజుల్లో, 1982 నుంచి అక్కడ సోమవారం సాయంత్రం శాంతి ప్రార్థనలు జరిగేవి. 1989 అక్టోబర్ 9న ప్రార్థన అయ్యాక దాదాపు 70 వేల మంది సర్కారుకి నిరసనగా రింగ్ రోడ్డెక్కారు. బీజింగ్‌లో నిరసనకారుల మీద కాల్పులు జరిగి నాలుగు నెలలే, ఇక్కడా అదే జరుగుతుందని ఊరంతా టెన్షన్. గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా కండక్టర్ కుర్ట్ మజూర్, ఇంకో ఐదుగురు (అందులో ముగ్గురు పాలక కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శులే!) శాంతంగా ఉండమని రాసిన విజ్ఞప్తిని వీధి మైకుల్లో చదివించారు. ఒక్క తూటా పేలలేదు. సరిగ్గా నెలకి బెర్లిన్ గోడ తెరుచుకుంది. మనవాళ్లు గోడ ముక్క ముందు సెల్ఫీ దిగొస్తారు గానీ, అసలు బీట పడింది ఇక్కడే.

పిల్లకాలువ:
ఇక్కడే అంటే కొంచెం ఎక్కువైంది అన్నా. హంగరీ మే నెలలోనే ఆస్ట్రియా సరిహద్దు కంచె పీకడం మొదలెట్టింది, ప్లావెన్ అనే చిన్న ఊళ్లో రెండ్రోజుల ముందే జనం వీధుల్లోకొచ్చారు. లైప్‌జిగ్‌ది పెద్ద పాత్రే, కాదనను.

ఇంకోటి, పాత స్టాజీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసులు) ఆఫీసు ఇప్పుడు మ్యూజియం. అక్కడ మూత బిగించిన గాజు సీసాల్లో పసుపు గుడ్డలుంటాయి. అనుమానితుల ఒంటి వాసన పట్టించి దాచేవాళ్లట, కుక్కలకి చూపించడానికి. ఊరగాయ జాడీల్లా వరసగా పెట్టుంటే నవ్వాలో భయపడాలో తెలీదు. ఆ ఆఫీసుని 1989 డిసెంబర్ 4న జనమే వెళ్లి ఆక్రమించారు.

సాక్సనీలో_ఆవకాయ:
మా యూనివర్సిటీ చర్చి సంగతీ వినండి. యుద్ధంలో బాంబులకి నిలబడిన కట్టడాన్ని 1968 మే 30న ప్రభుత్వమే పేల్చేసింది, ఊళ్లోవాళ్లు వద్దంటున్నా. ఇప్పుడు అక్కడ గాజుతో కొత్తది కట్టారు, పాత చర్చి ఆకారం గుర్తొచ్చేలా. నాకైతే నచ్చదు, మా క్లాసులో సగం మందికి ప్రాణం.

మా పక్కింటి పెద్దావిడ పత్తి మిల్లులో పనిచేసింది. 1989 ఊరేగింపుల్లో తనూ నడిచిందట, తర్వాత మిల్లు మూతపడి ఉద్యోగం పోయింది. అక్టోబర్ 9 గురించి అడిగితే గర్వంగా చెప్తుంది, 1990లో రెండు జర్మనీలు కలిసిన తర్వాతి సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేస్తుంది. ఆ మిల్లు (ష్పినెరై) ఇప్పుడు చిత్రకారుల స్టూడియోలు, ఆదివారం గ్యాలరీలు చాలావరకు మూసే ఉంటాయి, శనివారమే వెళ్లండి.

తిండిగోల:
తిండి ఎవరూ చెప్పరేంటి! లెర్షె అని బాదం ముద్ద నింపిన చిన్న కేకు దొరుకుతుంది. ఒకప్పుడు భరతపక్షుల్ని పట్టి తినేవాళ్లు, 1876లో వేట నిషేధించాక బేకరీలవాళ్లు ఈ కేకు చేసి పక్షి పేరే పెట్టారు. పైన అడ్డంగా ఉండే పిండి పట్టీలు పక్షిని కట్టిన దారానికి గుర్తట. తాగే అలవాటుంటే గోజె బీరు, అందులో ఉప్పు, ధనియాలు వేస్తారు. పుల్లగా ఉంటుంది, మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి.

రాత్రిబండి:
థాంక్సండీ అందరికీ, డ్రెస్డెన్ క్యాన్సిల్. అక్టోబర్ 9న ఏమైనా జరుగుతుందా?

పాతబస్తీ_పరదేశి:
ఏటా ఆ సాయంత్రం దీపాల పండగ చేస్తారు. ఆ తేదీకి వస్తే రూమ్ ఇప్పుడే బుక్ చెయ్.