పెరుగు ‘సెట్’ అయిందా, తోడుకుందా?

మిత్రులకు నమస్కారం. పోయిన ఆదివారం పొద్దున బెంగళూరు జయనగరంలో మా ఇంటి దగ్గరి దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, సెట్ దోసె తింటున్నాను. దూదిలా మెత్తగా ఉండే మూడు దోసెలు ఒకదానిమీద ఒకటి, పక్కన సాగు అనే కూరగాయల కుర్మా, కొబ్బరి చట్నీ. ఎదుటి బల్ల దగ్గర ఒక తెలుగావిడ ఫోనులో చెల్లెలితో మాట్లాడుతున్నారు. నా టిఫిను పూర్తయ్యేలోపు నాలుగు వాక్యాలు చెవిన పడ్డాయి. పెద్దమ్మాయికి సంబంధం సెట్ అయిందట. అల్లుడికి ఇక్కడి చలి సెట్ కాలేదట. మామగారికి కొత్త మందు బాగా సెట్ అయిందట. ఈ చలికి ఇంట్లో పెరుగు సెట్ కావడం లేదట.

ఆమె మాట్లాడింది మంచి తెలుగే, కమ్మగా ఉంది. అయినా ఆ నాలుగు చోట్లా నాలుగు తెలుగు మాటలు నా మనసులో మెదులుతూనే ఉన్నాయి. సంబంధం కుదిరింది. చలి పడలేదు. మందు గుణమిచ్చింది. పెరుగు తోడుకోవడం లేదు. ఇంటికి వచ్చి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు ఇంగ్లీషు సంగతి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన ఆరోపం (ఒక మాట కింద ఇచ్చే వివరణంతా) ఈ ‘సెట్’ అనే క్రియదే. దాని వివరణకు దాదాపు 60,000 మాటలు పట్టాయి. ఒంటరి క్రియకే 430 అర్థాలు ఇచ్చారు, పదబంధాలతో కలిపితే 580 దాకా వెళ్లింది. తర్వాతి సవరణల్లో ఆ రికార్డును ‘మేక్’, ‘పుట్’ దాటాయి. 2011లో ‘రన్’ 645 అర్థాలతో వాటినీ మించిపోయింది.

ఈ క్రియ పాత ఇంగ్లీషులోని ‘సెట్టన్’ నుంచి వచ్చింది. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ఆ ఒక్క మూలం నుంచే సూర్యుడు దిగడం, ఎముక అతకడం, ఉచ్చు పన్నడం, పాటకు వరస కట్టడం అన్నీ చీలాయి. గుంపు, జత అనే అర్థంలో వాడే నామవాచకం కథ వేరు. అది లాటిన్‌లో అనుచరుల వర్గాన్ని చెప్పే ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. రెండు ఏరులు ఇంగ్లీషులో ఒకే రేవుకు చేరాయన్నమాట. లెక్కల పుస్తకాల్లో మనం ‘సమితి’ అనేది ఈ నామవాచకాన్నే. ఐక్యరాజ్యసమితిలో ఉన్న సమితే అక్కడా పనికి రావడం నాకు చిన్నప్పుడు భలే నచ్చేది.

ఇప్పుడు మన వైపు చూడండి. సంబంధం కుదిరింది అంటాం కదా, అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్టను కూడా కుదురు అంటారు. మా అమ్మమ్మ ఇంట్లో నీళ్ల కుండను దానిమీద పెట్టి, చేత్తో ఒకసారి అటూ ఇటూ కదిపి చూసి వదిలేది. పెళ్లి కుదిరింది అన్నప్పుడల్లా నాకు కుండమీది ఆ చేయి కనిపిస్తుంది. ‘సెట్ అయింది’లో నాకు ఏ బొమ్మా కనిపించదు.

ఇంకొకటి చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. ఉంగరంలో రాయి బిగించడానికి ఇంగ్లీషువారు ‘సెట్’ అంటారు. గుడ్లమీద కూర్చున్న కోడికీ అదే మాట వాడతారు. మనం ఉంగరంలో రాయి పొదుగుతాం, కోడి గుడ్లు పొదుగుతుంది. సముద్రాల అవతలి భాషలో కలిసిన రెండు పనులు మన దగ్గరా ఒకే మాటలో కలిశాయి. అచ్చు పని కూడా ఇలాంటిదే. సీసపు అక్షరాలను వరసగా పేర్చడానికి వాళ్లు వాడేది ‘సెట్’. మనం అక్షరాలు కూర్చడం అంటాం, ఆ పని చేసేవారిని కూర్పరి అంటాం. ‘కూర్చుండు’లోనూ ఆ ‘కూర్చు’ వినిపిస్తుంది.

ఈ సంగతి ఇంతకుముందు క్లుప్తంగా రాసినప్పుడు వచ్చిన స్పందనల్లో ఒకరు అడిగారు: “మన ‘పట్టు’కు మాత్రం తక్కువ అర్థాలా? తుప్పు పడుతుంది, చెమట పడుతుంది, బస్సుకు గంట పడుతుంది, కుళాయి దగ్గర నీళ్లు పడతాం, పిల్లలు మొండిపట్టు పడతారు. ఒకే మాట ఇన్ని పనులు చేస్తే తప్పేమిటి?”

తప్పు లేదండీ. ‘పట్టు’ ఈ నేలమీద పెరిగిన చెట్టు, దాని ప్రతి కొమ్మా మొదలుకు అతికే ఉంది. పక్కనున్న మాటే అర్థాన్ని పట్టిస్తుంది. ఇంగ్లీషులో ‘సెట్’ కూడా అలా పెరిగినదే. పైగా వాళ్లు దాని వెనక ‘అవుట్’, ‘అప్’, ‘ఇన్’, ‘ఆఫ్’ లాంటి చిన్న మాటలు చేర్చి, బయలుదేరడాన్నీ నెలకొల్పడాన్నీ వేరు చేసుకుంటారు. మనం ఆ తోకలు వదిలేసి బోడి ‘సెట్’ తెచ్చుకుని ‘అయింది’, ‘చేశాను’ తగిలించాం. నా అభ్యంతరమంతా ఆ క్రియతోనే. సెట్ దోసె, టీవీ సెట్, సినిమా సెట్ వస్తువుల పేర్లు, హాయిగా వాడుకుందాం. ‘సెట్ అయింది’ మాత్రం కుదరడాన్నీ, అమరడాన్నీ, పొసగడాన్నీ, పేరుకోవడాన్నీ, బిగుసుకోవడాన్నీ ఒక్కటొక్కటిగా ఇంట్లోంచి పంపించేస్తోంది. జాకెట్టు అమరుతుంది, అత్తాకోడళ్లకు పొసగుతుంది, నెయ్యి పేరుకుంటుంది, సిమెంటు బిగుసుకుంటుంది. వీటిలో దేన్ని తీసి దేని చోట పెట్టినా వాక్యం ఒప్పుకోదు.

ఇంకొక చెల్లెమ్మ రాశారు: “అక్కా, బెంగళూరులో పుట్టిన పిల్లలకు తోడు అంటే ఏం తెలుస్తుంది?” తెలుస్తుందమ్మా, చేతికి పని ఇస్తే తెలుస్తుంది. మా పక్కింటి కన్నడ అవ్వ పాలలో ‘హెప్పు’ వేస్తుంది, మనం తోడు వేస్తాం. రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు మా మనవరాలి చేత వేయించాను. పొద్దున గిన్నె మెల్లగా వంచి చూసి, “అమ్మమ్మా, తోడుకుంది!” అని అరిచింది. ఆ మాట నేను నేర్పలేదు. రాత్రి తోడు తెమ్మని అడిగాను, అంతే.

ఇంట్లో కట్టుబడి పని జరిగినవారు ఉంటే ఒక సాయం చేయండి. పోత పోశాక కాంక్రీటు గట్టిపడటానికి మీ మేస్త్రీ ఏ మాట వాడాడు? ఏ ఊరివాడో కూడా రాయండి, నేను రాసి పెట్టుకుంటున్నాను.