పెట్టె మ్యాగజైన్ సెమీ ఆటో పన్నెండు బోరు: ఇంటి కాపుకి నమ్మొచ్చా?

లంకగట్టు
కోనసీమ లంకల్లో, కొబ్బరితోటల మధ్య ఒంటరి ఇళ్లలో లైసెన్సు ఉన్నవాళ్లు డబుల్ బ్యారెల్ ఉంచుకోవాలా, కింద పెట్టె మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బా) తగిలించే సెమీ ఆటోకి (పేలిన ప్రతిసారీ తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే తుపాకీకి) మారాలా? 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే కాబట్టి ఎంపిక తప్పితే ఒక చోటు పోయినట్టే. ఆగకుండా పేలుతుందా లేదా, అదొక్కటే తేల్చండి. లైసెన్సులో ఏ రకం రాశారో అది వేరే సంగతి, కొనేముందు ఎలాగూ చూసుకోవాలి.

ఇత్తడిబిళ్ళ
వద్దండి. తప్పు తుపాకీలో కన్నా తూటాలో ఎక్కువుంది. పన్నెండు బోరు తూటా పుట్టిందే మడిచి తెరిచే తుపాకీ కోసం. అడుగున ఇత్తడి అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. పెట్టెలో ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు పైతూటా అంచు కిందదాని అంచుకి వెనక పడిందనుకోండి, బోల్టు (తూటాని చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక గదిలోకి, నెట్టే భాగం) ముందుకి తోసేసరికి రెండూ చిక్కుకుంటాయి. అందుకే నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందదాని అంచుకి ముందు కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి.

రెండోది తూటా ప్లాస్టిక్ గొట్టం. నిండా నింపి వారాలతరబడి వదిలేస్తే, స్ప్రింగు తోపుడికి పైతూటా మ్యాగజైన్ పెదాల (తూటా పైకి రాకుండా ఆపే వంగిన అంచుల) కింద నొక్కుకుని కోడిగుడ్డులా సాగుతుంది. మన మే నెల ఎండకి ప్లాస్టిక్ ఇంకా మెత్తబడుతుంది. అలా సాగింది చాంబర్‌లోకి సగమే వెళ్లి ఆగుతుంది.

ఉప్పుగాలి
ఇత్తడిబిళ్ళ గారూ, మీరు చెప్పినవి నిజమే గానీ అన్నిటికీ ఉపాయం ఉంది. 8 పట్టే మ్యాగజైన్‌లో 6 వెయ్యండి, పైతూటాని నెలకోసారి మార్చండి. పెట్టె మ్యాగజైన్ ఉన్న రష్యా సెమీ ఆటో సైగా-12 మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు గ్యాస్‌వే, అంటే పేలినప్పటి గ్యాస్‌తో బోల్టుని వెనక్కి నెట్టే అమరికవే. దాని రెగ్యులేటర్‌కి రెండు స్థానాలు: 1 మ్యాగ్నమ్‌కి (ఎక్కువ బలమైన తూటాకి), 2 మామూలు తూటాకి. 1 మీద ఉంచి 28 గ్రాముల తేలిక తూటా పేలిస్తే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ గొట్టం తలుపులోనే ఇరుక్కుంటుంది. ఇందులో తప్పు తుపాకీది కాదు, అమరికది.

ఇంకోటి, సైగాలో చివరి తూటా అయ్యాక బోల్టు దానంతటదే తెరిచి ఉండదు. మూసిన బోల్టు కింద నిండు మ్యాగజైన్ ఎక్కించాలంటే పైతూటా బోల్టుకి తగిలి మొరాయిస్తుంది. అలాంటిదే అయిన మరో రష్యా తుపాకీ వేప్ర్-12లో ఆ ఇబ్బంది లేదు, అయిపోగానే బోల్టు వెనకే నిలుస్తుంది.

ఏటిమొగ
సెమీ ఆటో అనగానే పెట్టె ఎందుకండీ? అమెరికా మెరైన్లు 1999లో ఎం1014 పేరుతో తీసుకున్న బెనెల్లీ ఎం4 గ్యాస్‌తో నడిచేదే, కానీ తూటాలు బ్యారెల్ కింద ఉన్న మరో గొట్టంలో వరసగా పడుకుంటాయి. పక్కనుంచి నొక్కుడు ఉండదు, అంచులు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఒక్కొక్కటే తోయాలి, నెమ్మదే. అయినా సగంలో రెండు వేసుకోవచ్చు, తుపాకీ ఖాళీ అవ్వదు.

ఇత్తడిబిళ్ళ
ఉప్పుగాలి గారూ, ఆ ఉపాయాలు పనిచేశాయని తేల్చుకోవడం ఎలాగండి? ఏ సెమీ ఆటోనైనా నమ్మాలంటే, ఇంట్లో ఉంచబోయే తూటానే కనీసం వంద, ఒక్క ఆటంకం లేకుండా రేంజిలో పేలాలి. అందులో పాతిక పెద్ద గుళ్ల తూటాలై ఉండాలి. మన లైసెన్సులో తూటాలకి పరిమితి రాసుంటుంది. ఆ లెక్కలో ఒక తుపాకీ గుణం తెలుసుకునేసరికి ఏళ్లు పడుతుంది. మ్యాగజైన్లు మూడుంటే మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి, ఎందుకంటే పెదాలు అరమిల్లీమీటరు వంగినా స్వభావం మారిపోతుంది.

డబుల్ బ్యారెల్‌కి ఈ బాధ లేదు. ఒక తూటా పేలకపోతే రెండో ట్రిగ్గర్ నొక్కడమే.

ఉప్పుగాలి
పరిమితి మాట ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ రెండు తూటాలయ్యాక చీకట్లో మడిచి, తీసి, వేసుకోవడం కూడా తేలిక కాదు కదండీ.

లంకగట్టు
సరేనండి. మరి అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు తేమకి ఏం చెయ్యాలి?

ఏటిమొగ
పేల్చిన రోజే పిస్టన్ (గ్యాస్ తోపుకి కదిలి బోల్టుని నెట్టే భాగం) తీసి మసి తుడవాలి. మసి ఉప్పుతేమని పట్టి ఉంచుతుంది, రెండు వారాల్లో గ్యాస్ రంధ్రం చుట్టూ ఎర్రచారలు లేస్తాయి. నూనె పిస్టన్‌కీ బోల్టు పట్టాలకీ పలచగా రాస్తే చాలు. చాంబర్ మాత్రం పొడిగుడ్డతో తుడిచెయ్యండి.

పాత కాగితం గొట్టం తూటాలు తేమకి ఉబ్బుతాయి, సెమీ ఆటోలో వాడకండి. ప్లాస్టిక్ తూటాలనీ ఏడాదికోసారి చూడాలి. బ్యారెల్ ఊడివచ్చే తుపాకీ అయితే దాన్ని ఊడదీసి నిలువుగా పట్టుకుని తూటా జారవిడిస్తే, తన బరువుకే అంచుదాకా దిగాలి, తిప్పితే తన బరువుకే జారిపోవాలి. వేలితో తోయాల్సివస్తే దాన్ని పక్కన పెట్టండి.

ఎన్నికల కోడ్‌లో స్టేషన్‌లో జమ చేసేటప్పుడు మ్యాగజైన్ ఖాళీ చేసి ఇవ్వండి. ఎప్పుడు తిరిగొచ్చినా బ్యారెల్‌లోంచి వెలుగు చూసి, తూటా జారవిడిచే పరీక్ష మళ్లీ చేశాకే బీరువాలో పెట్టండి.