కోట కాశయ్య మన యాసకు మేలు చేశాడా, కీడా?

మూసీ ఒడ్డు (మిర్యాలగూడ):
2025 జులైలో కోట శ్రీనివాసరావు పోయినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఇదే లొల్లి. 1985లో 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా తెలంగాణ యాస మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు. కంకిపాడు మనిషికి మన మాట అంత బాగా ఎట్లా పట్టుబడిందని కొందరు, మనల్ని విలన్లను చేశాడని కొందరు. మీరేమంటారు?

పాలమూరు పోరడు:
మెచ్చుకునేదేముంది అన్నా? దొంగ మంత్రికి మన యాస, హీరోకేమో పుస్తకాల భాష. 1998లో 'గణేష్' వచ్చేనాటికీ అదే లెక్క. బడిలో నేను నోరు తెరిస్తే చాలు, ఆ డైలాగులతోనే వెక్కిరించేవాళ్లు. నటన గొప్పదే. అందుకే అంత గట్టిగా తగిలింది.

తెర వెనక (నల్గొండ):
తమ్మీ, నీ కోపం న్యాయమే, కానీ తప్పు మనిషి మీద చూపిస్తున్నావు. కోట బ్యాంకులో పనిచేస్తూ నాటకాలాడి, 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాలకొచ్చినవాడు. పాత్ర ఎట్లా మాట్లాడాలో అట్లా మాట్లాడటం ఆయన పని. 'అహ నా పెళ్లంట'లో పిసినారి లక్ష్మీపతిని చూస్తే కాశయ్య గుర్తొస్తాడా?

అసలు సంగతి నాటకాల్లోనే ఉంది. పరిషత్తు పోటీలకు రిహార్సల్ చేసేటప్పుడు 'వచ్చిండు' అని నోరుజారితే మా డైరెక్టర్ చేతిలో స్క్రిప్టు మడిచి బల్ల మీద కొట్టేవాడు. 'వచ్చాడు' అన్నదాకా సీన్ కదిలేది కాదు. యాస ఒక్క నౌకరు పాత్రకే. అది వేసినవాడికి మాత్రం ఏ టెన్షనూ లేదు!

నటుల్లో తుంగతుర్తి డాక్టర్ ప్రభాకర్ రెడ్డి, కోదాడ పక్క గుడిబండ కాంతారావు మనవాళ్లే. వాళ్ల పేరు చెప్తే ఎవరికైనా యాస గుర్తొస్తుందా? ('లవకుశ'లో కాంతారావు వేసిన లక్ష్మణుడికి యాస ఎట్లాగూ కుదరదనుకో.) అడగాల్సింది రాసినవాళ్లను, తీసినవాళ్లను.

పాలమూరు పోరడు:
ఒప్పుకున్నది నటుడే కదా?

తెర వెనక (నల్గొండ):
క్యారెక్టర్ ఆర్టిస్టు వద్దంటే మర్నాడు ఇంకొకరికి ఫోన్ పోతుంది. కాశయ్య కంటే ముందే 'మా భూమి' వచ్చింది, అందులో మన రైతులే హీరోలు. ఇండస్ట్రీ ఆ దారి పట్టలేదు, కాశయ్య దారి పట్టింది. 'మా భూమి' హీరో సాయిచంద్ 2017లో 'ఫిదా'లో మన యాస మాట్లాడే బాన్సువాడ తండ్రిగా కనిపిస్తే అందరికీ కొత్తగా అనిపించింది. ఆ రెండింటి మధ్య వచ్చిన సినిమాలకు కథలు రాసింది కోట కాదు కదా?