అప్‌డేట్: పియోనీ మొగ్గ వేయలేదు, కారణం తెలిసింది

కూకట్‌పల్లి బాల్కనీలో పియోనీ (చలి ప్రాంతాల్లో పెరిగే పూలమొక్క) ఆకులేస్తోంది కానీ పూయట్లేదని పోయిన ఏడాది అడిగాను కదా. దుంప లోతుగా ఉందేమో చూడమన్నారు. తవ్వి చూస్తే నిజమే, మొలక కళ్లు నాలుగు అంగుళాల కింద ఉన్నాయి! అంగుళం లోతుకి మార్చి నాటాను. ఆకులు బాగా వచ్చాయి, మొగ్గ మాత్రం లేదు.

అసలు చిక్కు చలిది. దీనికి 5 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు నిద్ర కావాలి. మన డిసెంబర్ రాత్రులు ఎక్కువగా 12, 15 దగ్గరే ఆగుతాయి. కుండీలో ఐసు ముక్కలు కూడా వేశాను (అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది). గంటలో కరిగిపోయే ఐసుతో చలికాలం వస్తుందా?

ఈసారి దుంపని మట్టి దులిపి, తడి కొబ్బరిపొట్టులో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. పక్క కుండీలో చామంతి వేశాను, అది అడక్కుండానే విరగబూసింది.